జ్వరం దిగిందని సాక్ష్యం చెప్పిన రెండో రోజున

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది బాపట్ల జిల్లాలో ఒక పల్లె. మా పాపకు నాలుగేళ్లు నిండి అయిదో నెల. పోయిన సెప్టెంబరులో డెంగీ జ్వరం వచ్చింది. అయిదో రోజు శనివారం నాటికి జ్వరం దిగిపోయి ఒళ్లు చల్లబడింది. ఆదివారం ఆరాధనలో లేచి, ప్రభువు నా బిడ్డను ముట్టి స్వస్థపరిచాడని సాక్ష్యం చెప్పాను. ఆ సాయంత్రమే పాప మగతలోకి జారింది. పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాం. మంగళవారం తెల్లవారుజామున ప్రాణం పోయింది. మీ ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదో ఉందని ఒకరు, విశ్వాసం చాలలేదని ఒకరు, దేవుడు తన తోటలోకి మంచి పువ్వును కోసుకున్నాడని ఇంకొకరు అన్నారు. ఇంకొకరిని కనమని కూడా చెబుతున్నారు. మా అత్తగారి వైపు ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) వాళ్లు, బాప్తిస్మం లేకుండా పోయిందే అని బాధపడుతున్నారు. మా సంఘంలో పిల్లల్ని ప్రతిష్ఠిస్తారే గాని బాప్తిస్మం ఇవ్వరు. నా భర్త గుడికి రావడం మానేశాడు. తొమ్మిదేళ్ల బాబు "దేవుడు చెల్లిని ఎందుకు తీసుకుపోయాడు?" అని అడుగుతున్నాడు. పాపమంటే ఏమిటో తెలియని బిడ్డను దేవుడు ఎందుకు చావనిచ్చాడు? ఏడాది కూడిక పెట్టాలంటున్నారు, నాకు మనసు రావడం లేదు.

సమాధానం:

అమ్మా,

మీ పాప ఆ మంగళవారం ఎందుకు చనిపోయిందన్న ప్రశ్నకు బైబిలులో జవాబు లేదు. ముప్పై ఏళ్లకు పైగా సంఘకాపరిగా పనిచేసినవాడిగా ఈ మాట రాయడం నాకు సులువు కాదు. ఉందని నమ్మించబోతే మిమ్మల్ని మోసం చేసినవాడినవుతాను. అయితే జవాబు చెప్పని ఆ గ్రంథమే, తమకు జవాబు తెలుసనుకునేవారి నోరు చాలాచోట్ల మూయిస్తుంది. ముందుగా మీకు అవసరమైనది అదేనని నాకు తోస్తున్నది.

ఇంట్లో పాపం ఉందన్నవారి సంగతి చూద్దాం. పుట్టుగుడ్డివాడిని చూసి శిష్యులు అడిగిన ప్రశ్న సరిగ్గా ఇదే: వీడు గుడ్డివాడై పుట్టడానికి పాపం చేసింది వీడా, వీడి కన్నవారా? "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అని యేసు యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో తేల్చి చెప్పాడు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిదిమంది చనిపోయినప్పుడు కూడా, వారు యెరూషలేములో ఉన్న మిగతావారందరికంటే అపరాధులని తలంచవద్దన్నాడు. ఆ గోపురం ఎందుకు కూలిందో మాత్రం చెప్పలేదు. చెప్పగలిగినవాడే చెప్పకుండా ఊరుకున్న చోట మన సంఘాల్లో కొందరు పెద్దలు ఇంత ధైర్యంగా ఎలా మాట్లాడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

వారు దావీదు కథను మీ ముందుకు తెస్తారు కాబట్టి దాన్ని దాటవేయను. దావీదు రాజు పరాయివాడి భార్య బత్షెబను తెచ్చుకుని, ఆమె భర్తను చంపించాడు. ఆమెకు పుట్టిన బిడ్డ దావీదు చేసిన ఆ పని వల్లనే చనిపోతాడని నాతాను ప్రవక్త చెప్పాడు, అలాగే జరిగింది. ఆ అధ్యాయం నన్ను ఎప్పుడూ ఇబ్బంది పెడుతూనే ఉంది. తండ్రి తప్పుకు పసివాడు పోవడం న్యాయమని నా నోట రాదు. కానీ అక్కడ దేవుని మాట తెచ్చినవాడు ప్రవక్త, అదీ ఒక్క మనిషికి, ఒక్క సందర్భంలో. అదే దేవుడు యెహెజ్కేలు ద్వారా, తండ్రి దోషశిక్షను కుమారుడు మోయడని పద్దెనిమిదో అధ్యాయంలో స్పష్టంగా చెప్పించాడు. పక్కింటి బిడ్డ చావు మీద తీర్పు చెప్పడానికి వచ్చినవారిని, నాతానుకు వచ్చినట్టు మీకు మాట ఎప్పుడు వచ్చిందని మీరు అడగవచ్చు. అడగడం అమర్యాద కాదు.

విశ్వాసం చాలలేదన్నది నా దృష్టిలో ఇంతకంటే క్రూరమైన మాట, ఎందుకంటే ఇది పోయిన బిడ్డ మీద కాక బతికున్న తల్లి మీద పడుతుంది. అపొస్తలుల కార్యములు పన్నెండో అధ్యాయం ఒకసారి తెరవండి. హేరోదు రాజు యాకోబును కత్తితో చంపించాడు. తర్వాత పేతురును చెరలో వేయిస్తే దేవదూత వచ్చి విడిపించాడు. రెండూ జరిగింది ఒకే సంఘంలో, కొద్దిరోజుల తేడాలో. యాకోబు కోసం వారి ప్రార్థనలో లోపం ఉందని ఆ పుస్తకం రాసిన లూకా ఒక్క అక్షరం రాయలేదు. గెత్సేమనే తోటలో ఈ గిన్నె నా యొద్దనుండి తొలగిపోనిమ్మని సిలువకు ముందు రాత్రి అడిగిన యేసుకే ఆ శ్రమల గిన్నె తొలగలేదు, ఆయన విశ్వాసం చాలలేదని ఎవరైనా అనగలరా?

మీరు ఉత్తరంలో అడగకుండానే అడిగిన ప్రశ్న ఇంకొకటి ఉంది. సాక్ష్యం చెప్పిన సంగతి రెండుసార్లు రాసి ఒకసారి కొట్టివేశారు. ఆదివారం గుడికి వెళ్లకుండా ఆసుపత్రికి వెళ్లి ఉంటే అన్న ఆలోచన మిమ్మల్ని రాత్రిళ్లు నిద్రపోనివ్వడం లేదని నాకు అనిపించింది. డెంగీని ఎరిగిన ఏ వైద్యుణ్ని అడిగినా చెబుతారు: ఆ జబ్బులో ప్రమాదం జ్వరం మండుతున్నప్పటికంటే జ్వరం దిగే రోజుల్లోనే ఎక్కువ. రక్తనాళాల నుంచి నీరు బయటికి ఊరి, బయటికి ఏమీ కనిపించకుండానే బిడ్డ నీరసించిపోతుంది. ఒళ్లు చల్లబడితే తల్లి సంతోషించడం లోకంలో ఎక్కడైనా జరిగేదే. మీరు అబద్ధం చెప్పలేదు. చల్లబడిన నుదురును చేత్తో తాకి, తెలిసినంత మేరకు కృతజ్ఞత చెప్పారు. ఆ సాక్ష్యాన్ని దేవుడు మీ మీద నేరంగా రాసిపెట్టుకోడు.

ఇక పువ్వు సంగతి. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. కాపరిగా నా మొదటి సంవత్సరాల్లో, పల్నాటి వైపు ఒక పల్లెలో ఆరు నెలల మగబిడ్డను భూస్థాపన చేయవలసి వచ్చింది. పెట్టె రెండు మూరలైనా లేదు. తండ్రి దాన్ని ఒళ్లో పెట్టుకుని, తమ్ముడు తొక్కుతున్న సైకిలు వెనుక కూర్చుని సమాధుల తోటకు వచ్చాడు. నేను అప్పటికి చదివి ఉన్న మాటల్లో అందంగా తోచిన మాటనే చెప్పాను: తోటమాలి తనకు ఇష్టమైన పువ్వును ముందుగా కోసుకుంటాడని. అంతా అయిపోయాక బోరింగు దగ్గర చేతులు కడుక్కుంటుంటే ఆ తల్లి నా పక్కకు వచ్చి, మెల్లగానే అడిగింది: "ఆయనకు తోట నిండా పూలున్నాయి గదయ్యా, నాకున్నది ఒక్కటే గదా." నా దగ్గర మాట లేదు. చాలా రోజుల తర్వాత గాని నాకు తట్టలేదు, ఆమె తెలియకుండానే నాతాను కథను నాకు తిరిగి చెప్పిందని. మందలున్న ధనవంతుడు బీదవాడి ఒక్క గొఱ్ఱెపిల్లను పట్టుకుపోయాడని నాతాను దావీదుకు చెప్పిన కథ అది. ఆ ధనవంతుడు మరణపాత్రుడని దావీదు కోపంతో మండిపడ్డాడు. నేను నా ప్రసంగంలో దేవుణ్ని తీసుకెళ్లి సరిగ్గా ఆ ధనవంతుడి స్థానంలో నిలబెట్టాను. ఆ రోజు నుంచి ఏ బిడ్డ సమాధి దగ్గరా పువ్వు మాట ఎత్తలేదు.

మన కార్డుల మీద, సమాధి రాళ్ల మీద ముద్రించే వచనం ఉంది: "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొని పోయెను." అది గొప్ప మాట. కానీ అది పదిమంది బిడ్డలను ఒకేరోజు పోగొట్టుకున్న యోబు తన నోట తాను అన్న మాట. అతన్ని చూడవచ్చినవారు అతనికి చెప్పిన మాట కాదు. అదే యోబు మూడో అధ్యాయానికి వచ్చేసరికి తాను పుట్టిన దినాన్ని శపించాడు. అతని ముగ్గురు స్నేహితులు ఏడు రాత్రింబగళ్లు నేలమీద అతనితో పాటు ఒక్క మాట మాట్లాడకుండా కూర్చున్నారు. ఆ పుస్తకమంతటిలో వారు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక వారు దేవుని తరఫున ఎంతో భక్తిగా వాదించారు, ఆఖరికి దేవుడే వారి మీద కోపించి, నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నన్ను గురించి యుక్తమైనది పలుకలేదన్నాడు. అంటే దేవుణ్ని నిలదీసినవాడు మెప్పు పొందాడు, దేవుణ్ని సమర్థించినవారు చీవాట్లు తిన్నారు. మీరు ప్రశ్నిస్తున్నందుకు భయపడకండి.

ఇంకొకరిని కనమని చెప్పేవారికి కూడా ఆ పుస్తకం చివర ఒక చిన్న లెక్క ఉంది. యోబుకు దేవుడు అన్నీ రెండింతలు ఇచ్చాడు: ఏడువేల గొఱ్ఱెలకు పద్నాలుగువేలు, మూడువేల ఒంటెలకు ఆరువేలు. పిల్లలు మాత్రం మొదట ఎంతమందో తర్వాతా అంతమందే, ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. పాత వ్యాఖ్యాతలు దీనికి చెప్పిన కారణం నాకు చాలా ఇష్టం: గొఱ్ఱెలు పోతే పోయినట్టే, మొదటి పదిమంది బిడ్డలు మాత్రం పోలేదు, దేవుని దగ్గర ఉన్నారు, కాబట్టి మొత్తం రెండింతలే అయ్యారు. రేపు మీకు మరో బిడ్డ పుడితే అది సంతోషమే. ఆ బిడ్డ ఈ పాపకు బదులు కాదు.

అయితే పసిపిల్లలు చనిపోయే లోకం ఎందుకుందన్న పెద్ద ప్రశ్నకు క్రైస్తవులు అసలేమీ చెప్పలేదా అంటే, చెప్పారు. మనిషికి దేవుడు స్వేచ్ఛ ఇచ్చాడు, ఆ స్వేచ్ఛతో మనిషి చెడు చేస్తాడు అన్నది ఒక మాట. బేత్లెహేములో రెండేళ్లలోపు మగపిల్లలను హేరోదు చంపించినదానికి అది కొంతవరకు సరిపోతుంది. దోమ కాటుకు సరిపోదు. పౌలు రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయంలో ఇంకా లోతుకు వెళ్లాడు. మనుషులే కాక సృష్టి యావత్తు ఇప్పటివరకు ఏకగ్రీవంగా మూలుగుచు ప్రసవవేదన పడుతున్నదని రాశాడు. మనిషి దేవునికి దూరమైనప్పుడు చెదిరింది మనిషి ఒక్కడే కాదు, అతనితో ముడిపడిన లోకమంతా చెదిరిందని, జబ్బులు, అకాల మరణాలు ఆ చెదిరిన లోకపు లక్షణాలని సంఘం అర్థం చేసుకుంటూ వచ్చింది. నేను దాన్ని నమ్ముతాను. అయితే అది లోకం సంగతి చెబుతుంది గాని మీ పాప సంగతి చెప్పదు. పక్కింటి బిడ్డకూ అదే జ్వరం వచ్చి తగ్గింది కదా, మా బిడ్డకెందుకు తగ్గలేదు అంటే, అక్కడ నేను ఆగిపోతాను.

అదే అధ్యాయంలోని ఇరవై ఎనిమిదో వచనం, సమస్తమును సమకూడి మేలుకే జరుగుచున్నవన్నది, మీకు ఇప్పటికే పదిమంది చెప్పి ఉంటారు. అది నిజం కాదనను. కానీ సృష్టి మూలుగును, మాటలు రాని మన మూలుగును, మనతో పాటు ఆత్మ పడే ఉచ్చరింపశక్యం కాని మూలుగును దాటుకుని గాని పౌలు ఆ వచనం దగ్గరికి రాలేదు. మనవాళ్లు ఆ మూడు మూలుగులనూ దాటవేసి తిన్నగా ఇరవై ఎనిమిదికి వెళ్లిపోతారు.

నాకు అన్నిటికంటే ఆదరణ ఇచ్చిన వాక్యం ఆదరణ వాక్యం కాదు. బేత్లెహేము పిల్లల గురించి రాస్తూ మత్తయి, యిర్మీయా మాటను తెచ్చి పెట్టాడు: రాహేలు తన పిల్లల విషయమై ఏడ్చుచు "వారు లేనందున ఓదార్పు పొందనొల్లక యుండెను." క్రిస్మసు కథ మధ్యలో, జ్ఞానుల కానుకలు చదివిన వెంటనే, ఓదార్పు వద్దన్న తల్లి ఉంది. మత్తయి ఆమెను తప్పుపట్టలేదు, ఆ పిల్లల చావుకు ఏ మంచి కారణమూ కల్పించలేదు. వద్దంటే వద్దనే ఉండనిచ్చాడు. మన డిసెంబరు ప్రసంగాల్లో ఆ మూడు వచనాలు ఎందుకో తరచుగా వదిలేస్తాం.

యేసు కూడా లాజరు సమాధి దగ్గర, మరికొద్ది నిమిషాల్లో అతన్ని లేపబోతున్నానని తెలిసి కూడా, ముందు కన్నీళ్లు విడిచాడు. మరణం దేవుని చిత్తమే అయితే ఆయన అక్కడ ఏడవవలసిన పని లేదు. పౌలు దాన్ని దేవుని సేవకుడని అనలేదు, శత్రువన్నాడు: "కడపట నశింపజేయబడు శత్రువు మరణము." యెషయా అరవై అయిదో అధ్యాయంలో దేవుడు తాను సృజించబోయే క్రొత్త లోకాన్ని వర్ణిస్తూ, కొద్దిదినాలే బ్రదికే శిశువులు అక్కడ ఉండరని ముందుగానే చెబుతాడు. తాను కోరుకునే లోకంలో లేకుండా చేయబోతున్న దానిని దేవుడు మీ ఇంటికి ప్రేమతో పంపాడని నేను ఎలా చెప్పగలను? సిలువ మీద తన కుమారుడు "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అని అరిచినప్పుడు కూడా ఆకాశం నుంచి జవాబు రాలేదు. ఆ "ఎందుకు" మీకంటే ముందు దేవుని ఇంట్లోనే పుట్టింది. మూడోనాడు జరిగినదాన్ని నమ్ముతున్నాను కాబట్టే నేను ఇంకా సమాధుల తోటలో నిలబడి ప్రార్థన చేయగలుగుతున్నాను.

ఆయుష్షు అంతేనని మన పల్లెల్లో తేలిగ్గా అనేస్తారు. దాని మీద నాకు ఒక అభ్యంతరం ఉంది. ఐక్యరాజ్యసమితి అంచనాల ప్రకారం 1990లో ప్రపంచంలో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 93 మంది అయిదేళ్లు నిండకుండానే చనిపోయేవారు; 2022 నాటికి అది 37కు దిగింది, అయినా ఆ ఏడాది చనిపోయిన పిల్లలు 49 లక్షలమంది. టీకాలు, మంచినీళ్లు, సురక్షితమైన కాన్పులు ఇంతమందిని కాపాడాయంటే, అంతకుముందు పోయినవారి ఆయుష్షు దేవుడే అంతవరకు రాశాడనడం ఎలా కుదురుతుంది? 1890లలో తమిళదేశంలోని తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు, కాన్పు కష్టమైన తమ భార్యల కోసం అమెరికా మిషనరీ కుమార్తె ఐడా స్కడ్డర్‌ను పిలవడానికి వచ్చారు. ఆమె అప్పటికి వైద్యం చదవలేదు. వైద్యుడైన ఆమె తండ్రిని, మగవాడని, వారు రానివ్వలేదు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు. ఆమె వెళ్లి వైద్యం చదువుకుని 1900లో తిరిగి వచ్చి పని మొదలుపెట్టిన చోటే ఇవాళ చిత్తూరు, నెల్లూరు, కడప జిల్లాల నుంచి మనవాళ్లు రైలెక్కి వెళ్లే వేలూరు ఆసుపత్రి. ఆ ఆసుపత్రి రావడానికే దేవుడు ఆ ముగ్గురిని తీసుకున్నాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ చావులను ఆమె దేవుని చిత్తమని సరిపెట్టుకోలేదు, అదే నాకు ముఖ్యం. డెంగీ దోమ నిలవ ఉన్న మంచినీళ్లలోనే పెరుగుతుంది, పగటిపూటే కుడుతుంది. మూతలేని తొట్లు, పాత టైర్లు ఊరంతా పెట్టుకుని, బిడ్డ పోయాక ఆయుష్షును నిందించడం భక్తి కాదు. ఇది మిమ్మల్ని అంటున్నది కాదు, మీ ఊరి పంచాయతీని, సంఘాన్ని, నన్ను కూడా కలిపి అంటున్నాను.

బాప్తిస్మం గురించి మీ అత్తగారి వైపు వారికి చెప్పండి, వారి సంఘమే ఈ విషయంలో వారికంటే మెత్తగా మాట్లాడుతున్నదని. బాప్తిస్మం లేకుండా చనిపోయిన పిల్లలను కతోలిక సంఘం తన సత్యోపదేశంలో దేవుని కనికరానికి అప్పగిస్తుంది. 2007లో రోములోని అంతర్జాతీయ వేదాంత పండితుల కమిషను ఒక పత్రం వెలువరించి, ఆ పిల్లలు రక్షణ పొందుతారని ఆశించడానికి బలమైన ఆధారాలున్నాయని చెప్పింది. ఎవరు రక్షణ పొందాలో దేవుడు ముందే ఏర్పరచుకున్నాడని ఎంతో కఠినంగా మాట్లాడిన 1618-19 నాటి డోర్ట్ మహాసభ (నెదర్లాండ్స్‌లో జరిగిన ప్రొటెస్టంటు సంఘాల సభ) సైతం, పసితనంలో పోయిన బిడ్డల రక్షణను భక్తిగల తల్లిదండ్రులు సందేహించకూడదని రాసింది. వీటన్నిటికంటే ముందు, చిన్నబిడ్డలను నాయొద్దకు రానియ్యుడని శిష్యుల మీద కోపపడిన ప్రభువు ఉన్నాడు. ఆ రోజు ఆయన చేతుల్లోకి ఎత్తుకున్న పిల్లల్లో ఎవరికీ బాప్తిస్మం అయి ఉండదు. "నేను వానియొద్దకు పోవుదును" అని చనిపోయిన ఆ బిడ్డ గురించి దావీదు అన్న మాటను మీరు మీ మాటగా చెప్పుకోవచ్చు.

అది నమ్మినంత మాత్రాన ఏడుపు ఆగిపోవాలని ఎవరూ అనకూడదు. 1542లో పదమూడేళ్ల కూతురు మగ్దలేనా చనిపోయినప్పుడు మార్టిన్ లూథరు తన స్నేహితునికి రాసిన ఉత్తరంలో, ఆమె ప్రభువు దగ్గర ఉన్నందుకు తానూ తన భార్యా కృతజ్ఞతతో ఉండవలసినదే గాని, ఏడవకుండా ఉండడం తమ వల్ల కావడం లేదని ఒప్పుకున్నాడు.

మీ బాబు సంగతి ఆలస్యం చేయకండి. చెల్లి మీద ప్రేమతో దేవుడు తీసుకుపోయాడని అతనికి చెప్పవద్దు. తొమ్మిదేళ్లవాడు ఆ మాట విని, దేవుడు నన్ను కూడా ప్రేమిస్తే ఎలా అని భయపడతాడు. చెల్లి నిద్రపోయిందని కూడా చెప్పవద్దు, రాత్రి పడుకోవడానికి జంకుతాడు. జబ్బు చాలా పెద్దది, డాక్టర్లు ప్రయత్నించారు, చెల్లి శరీరం తట్టుకోలేకపోయింది, ఇప్పుడు చెల్లి యేసు ప్రభువు దగ్గర ఉంది, ఎందుకిలా జరిగిందో అమ్మకు కూడా తెలియదు అని చెప్పండి. చెల్లితో పోట్లాడిన రోజేదైనా గుర్తుచేసుకుని తనవల్లే జరిగిందనుకుంటున్నాడేమో, నెమ్మదిగా అడిగి చూడండి. పిల్లలు ఇలాంటివి తమంతట తాము బయటపెట్టరు.

మీ భర్తను గుడికి రమ్మని బలవంతపెట్టవద్దు, ఆయన కోసం సంఘం చేత పేరు పెట్టి ప్రార్థన చేయించవద్దు. చీకటితోనే ముగిసే కీర్తన ఎనభై ఎనిమిదోది. దాని ఆఖరి మాటల్లో వెలుగు ఎక్కడా కనబడదు. ఆయన ఇప్పుడు అక్కడ ఉన్నాడు, అది కూడా బైబిలు లోపలి చోటే.

ఏడాది కూడిక మీకు ఇష్టం లేకపోతే మానేయండి. అది వాక్యం పెట్టిన నియమం కాదు, మన అలవాటు. బంధువులు ఒప్పుకోకపోతే సాయంత్రం అయిదు గంటలకు సమాధి దగ్గరే కలుసుకోండి. ప్రసంగీకుణ్ని పిలవకండి, మైకు వద్దు, భోజనాలు వద్దు. ఎవరైనా ఒకరు ఎనభై ఎనిమిదో కీర్తన నెమ్మదిగా చదివి కూర్చోవాలి. బాబు చేత ఒక కొవ్వొత్తి వెలిగించండి. మీ భర్త గేటు బయట స్కూటరు దగ్గరే నిలబడిపోతే, లోపలికి పిలవమని ఎవరినీ పంపకండి. వీలైతే మీరే వెళ్లి ఆయన పక్కన నిలబడండి.